పసుపు గీత, అడ్డపొగ

మొన్న శనివారం మా బడి గేటు ముందు నేనూ, మా వ్యాయామ ఉపాధ్యాయుడూ కలిసి వంద గజాలు కొలిచాం. లాంగ్‌జంప్‌కు వాడే ముప్పై మీటర్ల టేపును రోడ్డు మీద మూడుసార్లు పరిచి, ఆపైన మరో మీటరున్నర కలిపితే లెక్క సరిపోయింది. అక్కడ పసుపు రంగుతో అడ్డంగా గీత గీశాం. పొగాకు రహిత విద్యాసంస్థ అనిపించుకోవాలంటే ఆ గీత ఉండాలి. 2003 నాటి చట్టం ప్రకారం గీతకు ఇవతల పొగాకు అమ్మకూడదు. పద్దెనిమిదేళ్లు నిండనివారికైతే ఎక్కడా అమ్మకూడదు.

గేటుకు నలభై అడుగుల్లో ఒక బడ్డీకొట్టు ఉండేది. రంగు ఆరకముందే కొట్టాయన వచ్చి నిలబడ్డాడు. "మాస్టారూ, ఈ గీత బడికా, నా కొట్టుకా?" అన్నాడు. నాకు నవ్వొచ్చింది, ఆయనకు రాలేదు. సోమవారానికల్లా బడ్డీని గీత దాటించి, సరిగ్గా రెండడుగుల అవతల పెట్టాడు. తప్పు పట్టడానికి ఏమీ లేదు. మా తొమ్మిదో తరగతి కుర్రాళ్లకు అక్కడిదాకా నడవడం పెద్ద కష్టమూ కాదు.

సిగరెట్ పెట్టె మీద 85 శాతం మేర హెచ్చరిక బొమ్మ ఉండాలన్న నియమం 2016 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. ఆ పెట్టె ఆయన సొరుగులో ఉంటుంది. వచ్చినవాడు "ఒకటి ఇవ్వు" అని విడిగా కొనుక్కుని, వేలాడే తాడు నిప్పుతో ముట్టించుకుని వెళ్లిపోతాడు. రోజంతా ఆ పుండ్లు పడిన బొమ్మను చూసేది కొట్టాయన ఒక్కడే. మానాలనుకునేవారి కోసం పెట్టె మీద 1800-11-2356 అని ఉచిత ఫోను నంబరు కూడా ఉంటుంది. పాపం, అదీ ఆయనకే.

ఇక మా అమ్మమ్మ చుట్టకు పెట్టే లేదు. సంతలో పొగాకు కాడలు కొని, ఆకు తడిపి, తొడ మీద పెట్టి తనే చుట్టుకునేది. శ్రీకాకుళం తీర గ్రామాల్లో పెరిగినవారికి అడ్డపొగ గురించి చెప్పనక్కర్లేదు. తెలియనివారి కోసం చెబుతున్నాను: చుట్ట ముట్టించి, నిప్పున్న కొసను నోట్లోకి తిప్పి, పెదవులు మూసి పీల్చడం. నిప్పు లోపల, చల్లని కొస బయట. అలాగే పెట్టుకుని అమ్మమ్మ చేపలు ఆరబెట్టేది, మాతో మాట్లాడేది, మధ్యమధ్య తిట్టేది కూడా. ఎందుకలా అంటే, "గాలికి ఆరదు, బూడిద రాలదు, చంకలో బిడ్డకు నిప్పు తగలదు" అనేది. చిన్నప్పుడు నాకది గారడీలా ఉండేది.

నిప్పు తగిలేది అంగిలికి. ముంబయి టాటా ఫండమెంటల్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన దంతవైద్యులు మన జిల్లా పల్లెలు తిరిగి 10,169 మంది నోళ్లు తెరిపించి చూశారు. అడ్డపొగ తాగేవారి అంగిళ్లలో ఏం జరుగుతోందో 1971లో ప్రచురించారు. తర్వాత శ్రీకాకుళం, ఎర్నాకుళం, భావ్‌నగర్ జిల్లాల్లో మొత్తం 36,000 మంది పొగాకు వాడేవారిని ఎంచుకుని ఏటా ఇంటికి వెళ్లి నోరు చూడడం, ఎదురుగా కూర్చుని మానమని చెప్పడం మొదలుపెట్టారు. సినిమాలు వేశారు, గోడపత్రికలు అంటించారు. అలా చెప్పించుకున్నవారిలో మానినవారు, తగ్గించినవారు ఎక్కువయ్యారని 1986లో లెక్కలతో చూపించారు. అప్పటికి గీతలూ లేవు, పెట్టెల మీద బొమ్మలూ లేవు.

ఈ కాగితాలన్నీ నేను చాలా ఆలస్యంగా చదివాను. అంతకు ఎన్నో ఏళ్ల ముందే మా అమ్మమ్మ అరుగు మీద అలాంటిదే ఒకటి చూశాను. ఊళ్లో పళ్ల శిబిరం పెట్టారు. అమ్మమ్మ రానంటే డాక్టరమ్మే ఇంటికి వచ్చింది. టార్చి వేసి చూసి, ఏమీ అనకుండా, సంచిలోంచి చిన్న అద్దం తీసి అమ్మమ్మ చేతిలో పెట్టింది. డెబ్బై ఏళ్ల మనిషి తన అంగిలిని తొలిసారి చూసుకుంది. తెల్లగా పాలిపోయి, ఎండిన చెరువులా బీటలు తీసి, మధ్యలో ఎర్రని చుక్కలు.

"ఇది నా నోరేనా అమ్మా?"

ఆ రోజే మానేయలేదు. అబద్ధం ఎందుకు చెప్పాలి? ఆరు చుట్టలు నాలుగయ్యాయి, మరుసటి సంక్రాంతికి రెండు. ఆ రెండూ నిప్పు బయటకు పెట్టే తాగేది. "రుచే లేదు" అని విసుక్కునేది. డాక్టరమ్మ మళ్లీ వస్తుందేమోనని అడిగేది. మళ్లీ ఎవరూ రాలేదు.

 

వచ్చే నెల మా బడిలో వైద్య శిబిరం ఉంది. పిల్లలను దింపడానికి వచ్చే ముసలమ్మల నోళ్లు కూడా చూడగలరా అని డాక్టరు గారిని అడిగాను. సరేనన్నారు. నిన్న బజారుకు వెళ్లి చేతి అద్దాలు పన్నెండు కొన్నాను. బడి ఖాతాలో ఏ పద్దు కింద రాయాలో హెడ్‌మాస్టరు గారు ఇంకా తేల్చలేదు.