లీకు వెతికే పని

గల్ఫ్‌లో ఫైబర్ పడవల యార్డులో పని అంటే రెజిన్ (ఆరితే గట్టిపడే జిగురు) పూసి గ్లాస్ మ్యాట్ (గాజు నారల పట్ట) అంటించడమే అనుకుంటారు చాలామంది. అంటించడం ఒక పూట పని. ఎక్కడ అంటించాలో తేల్చుకోవడానికే మిగతా కాలమంతా పోతుంది. జాబ్ కార్డులో ప్యాచ్‌కి గడి ఉంటుంది, జెల్‌కోట్‌కి, అంటే పైన వేసే రంగు పూతకి, ఉంటుంది, పాలిష్‌కి ఉంటుంది. వెతకడానికి ఉండదు. వీసాలో మనం హెల్పర్లం, కాబట్టి మన ఆలోచనకి లెక్క లేదు.

పడవ నడిపే అతను వచ్చేటప్పుడే తీర్పు చెప్పేస్తాడు: "వెనకాల లీకు, రెండు పొరలు వేసెయ్యండి." వెనకాల నీళ్లు నిలిచే మాట నిజమే. ఇంజన్ల బరువుకి ఆ వైపు కుంగి ఉంటుంది, ముందు ఎక్కడ కారినా పారుకుంటూ అక్కడికే చేరతాయి. కారేది ఎక్కడో మాత్రం ఆ గుంట చెప్పదు.

ముందు తేల్చాల్సింది అవి ఏ నీళ్లని. తోడేసి, గుడ్డతో తుడిచి ఆరనిస్తే సముద్రపు నీరు తెల్లగా ఉప్పు చార వదులుతుంది. చేపల పెట్టెలో ఐసు కరిగి మూలలోంచి దిగుతుంటే అడుగుకి ఎన్ని పొరలు వేసినా దండగే. తర్వాత, పడవ కట్టేసి ఉన్నప్పుడే నిండుతుందా, వేటకెళ్లి వస్తేనే నిండుతుందా అని అడగాలి. ఊరికే ఉన్నా నిండితే నీటి మట్టానికి కిందనే ఏదో ఉంది: డ్రెయిన్ ప్లగ్గు, బతికున్న ఎర ఉంచే ట్యాంకు పంపు ఫిట్టింగు, చేపల జాడ చూపే ఫిష్‌ఫైండర్ సెన్సార్ స్క్రూలు. బరువెక్కాకే నిండితే, ఖాళీగా ఉన్నప్పుడు పైన కనిపించే పైపు నోళ్లు అప్పుడు మునుగుతున్నాయేమో, అంచు రబ్బరు కింద పైనున్న డెక్కూ, కింది హల్లూ (పడవ ఒంటి పెంకు) కలిసే అతుకు విడిందేమో చూడాలి. నీళ్లు బయటికి తోడే పంపు గొట్టంలోంచే నీళ్లు వెనక్కి లోపలికి వచ్చిన పడవలూ ఉన్నాయి.

అప్పటికీ తేలకపోతే పడవని ఒడ్డుకెక్కించి, బయట హల్లుని పొడిగా తుడిచి, లోపల రంగు కలిపిన నీళ్లు కొద్దికొద్దిగా పోస్తాం. లోపలికి వచ్చిన దారినే బయటికి కారతాయి. ఆశపడి నింపెయ్యకూడదు. ఒక క్యూబిక్ మీటరు నీళ్లంటే 1000 కిలోలు, కింద దన్ను సరిగా లేకపోతే హల్లే చీలుతుంది. పోశాక చేసేదేమీ లేదు, టార్చి వేసుకుని చూస్తూ కూర్చోవడమే. సరిగ్గా అప్పుడే ఉస్తాద్, అంటే మా మేస్త్రీ, వస్తాడు. "ఖాలీ క్యోం బైఠా హై?" ఊరికే ఎందుకు కూర్చున్నావని. యార్డులో అందరం మాట్లాడే ఆ విరిగిన హిందీలో దానికి జవాబు చెప్పడం, లీకు పట్టడం కంటే కష్టం.

ఎక్కువసార్లు దొరికేది పెద్ద పగులు కాదు, సెన్సార్ బిగించిన స్క్రూ కన్నం. స్క్రూ విప్పగానే గోధుమరంగు నీళ్లు బొట్లుబొట్లుగా వస్తే ఫైబర్ పొరల లోపలున్న ప్లైవుడ్ నానిపోయిందన్న మాట. స్క్రూడ్రైవర్ పిడితో చుట్టూ తట్టుకుంటూ పోతే గట్టి చోట టక్‌మంటుంది, నానిన చోట దబ్‌మంటుంది. శబ్దం మారిన చోటల్లా పెన్సిల్‌తో గీస్తే ఆ కన్నం చుట్టూ ఒక పటం తయారవుతుంది. గీత దాటి విప్పితేగానీ పొడి చెక్క దొరకదు. ఎసిటోన్‌తో తుడిస్తే పైన ఆరుతుందే తప్ప లోపలి తడి పోదు. తడి మీద వేసిన ప్యాచ్ ఊడిరావడానికే వేసినట్టు.

పగులైతే అరగదీయడంలో పిసినారితనం పనికిరాదు. పగులు అంచుల్ని మందానికి 12 రెట్ల దూరం దాకా వాలుగా అరగదీయాలి. 6 మిల్లీమీటర్ల మందం హల్లుకి ఒక్కో వైపు 72 మిల్లీమీటర్లు. యజమానికి అది చూస్తే గుండె ఆగుతుంది, చిన్న గీతని పెద్ద గొయ్యి చేశారంటాడు. ఎండాకాలం రెజిన్ కొంచెం కొంచెమే కలపాలి. డబ్బా నిండా కలిపితే బ్రష్ ముంచేలోపే గడ్డకట్టి పొగలు కక్కుతుంది. రెజిన్‌ని గట్టిపరిచే హార్డెనర్‌నీ, దాన్ని త్వరపెట్టే కోబాల్ట్‌నీ నేరుగా ఒకదాంట్లో ఒకటి పోయకూడదు, పేలుతుంది. కొత్తగా వచ్చిన తమ్ముళ్లకి నేను మొదట చెప్పేది అదే. గ్లాసు దుమ్ము పడితే చన్నీళ్లతో కడుక్కోమని పాతవాళ్లు చెబుతారు. మేడ మీది ట్యాంకులో ఎండకి మరిగిన నీళ్లలో చల్లదనం ఎక్కడిది?

సిలికాన్ పూసి తెచ్చే వాళ్లంటే నాకు ఒళ్లు మంట. గీకినా ఆ జిడ్డు పోదు, దాని మీద ఏదీ అంటదు. నీటి కింద ఫిట్టింగులకి పాలీయురెథేన్ సీలెంటే వాడాలి. వాడినా మొదటిసారే బిగించి పిండెయ్యకుండా కొంచెం పొర మిగల్చాలి.

ఇంత వెతుకులాట ఎందుకు, పెద్ద పంపు పెట్టెయ్యమనే యజమానులూ ఉంటారు. నీటి మట్టానికి 60 సెంటీమీటర్ల కింద 25 మిల్లీమీటర్ల కన్నం పడితే నిమిషానికి 60 లీటర్ల పైనే లోపలికి వస్తాయి. పంపు పెట్టె మీద రాసిన లెక్కేమో నీళ్లని పైకెత్తాల్సి వచ్చేసరికి బాగా పడిపోతుంది. బ్యాటరీ అయిపోతే అదీ లేదు. అడిగితే పంపూ పెడతాం, కానీ ముందు ఆ కన్నం చూపించి మరీ పెడతాం.