చిత్ర సంతకం కోసం విజయవాడ దాకా

నాకు కావలసింది ఒక్క బొమ్మ. చందమామలో 1960ల చివర్లో మొదలైన 'శిథిలాలయం' సీరియల్లోది. శిఖిముఖీ విక్రమకేసరీ అడవి దారిన పోతుంటారు, రాళ్ళ చాటునుంచి ఎవరో తొంగిచూస్తుంటారు. పాత చందమామల్ని ఎవరెవరో ఓపిగ్గా స్కాన్ చేసిపెట్టారు కాబట్టి ఆ బొమ్మ నా ఫోన్లోనే ఉంది. వేళ్ళతో పెద్దది చేసుకుని ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. అయినా తనివి తీరలేదు. మా నాన్న బైండు చేయించిన పుస్తకంలో, చాప మీద బోర్లా పడుకుని చూసిన బొమ్మ అది. మళ్ళీ కాగితం మీదే చూడాలనిపించింది.

నాన్న పెళ్ళికి ముందునుంచే చందమామ కొనేవారు. ఇంటిల్లిపాదీ చదవడం అయ్యాక పిన్నులు మెల్లగా ఊడదీసి సీరియల్ పేజీలు వేరుగా దాచేవారు. సీరియల్ పూర్తయ్యాక వాటిని వరసగా పేర్చి, బైండింగ్ షాపులో ఇచ్చి నల్ల క్యాలికో అట్ట వేయించేవారు. అలాంటివి మా ఇంట్లో ఆరు ఉండేవి. 1991లో గుంటూరులో ఇల్లు ఖాళీ చేసేటప్పటికి నేను హాస్టల్లో ఉన్నాను. సామాను సర్దే హడావుడిలో పాత పేపర్లతో పాటు అవి కూడా తూకానికి వెళ్ళిపోయాయి. ఆ మాట ఎత్తితే అమ్మ ఇప్పటికీ బాధపడుతుంది. అందుకని ఎత్తను.

మొన్న డిసెంబరులో నాలుగు రోజులు సెలవు దొరికింది. సికింద్రాబాదులో పల్నాడు ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. మిర్యాలగూడ దాకా నిద్రపోయాను. పిడుగురాళ్ళ దాటాక చీకటి పడింది. గుంటూరు స్టేషన్ బయట నా చిన్ననాటి స్నేహితుడు బండి వేసుకుని నిలబడి ఉన్నాడు.

వాడి ఇల్లు బ్రాడీపేటలో. అక్కడ ఇప్పటికీ ఇన్నో లైను, ఇన్నో అడ్డరోడ్డు అనే అడ్రస్ చెబుతారు. కాబట్టి ముప్పై ఏళ్ళ తర్వాత వెళ్ళినా దారి తప్పే పని లేదు. పైన రెండంతస్తులు లేచాయి గానీ కింది భాగం అలాగే ఉంచారు. వాళ్ళమ్మగారు, మా అందరికీ పిన్నిగారు, గుమ్మంలోనే కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఎనభై దాటాయి. "ఏరా, ఇంత పొద్దుపోయిందేం? ముందు కాళ్ళు కడుక్కో, అన్నం తిందువు గాని" అన్నారు, నేను ట్యూషన్ నుంచి వచ్చినట్టు.

ముందుగదిలోకి అడుగు పెట్టగానే నా చూపు మూలనున్న టేకు స్టాండు మీదికి పోయింది. మా లైనులో మొదటి టీవీ ఉండేది దాని మీదే. బ్లాక్ అండ్ వైట్. రెండు పక్కలకీ జరిగే చెక్క తలుపులు, తాళంచెవి. ఆదివారం పొద్దున పిన్నిగారు స్నానం చేసి, దీపం పెట్టి, ఆ తాళం తీసేదాకా మాకు ఒకటే టెన్షన్. అప్పటికే పదిహేను మందిమి నేల మీద సర్దుకుని కూర్చుని ఉండేవాళ్ళం. ఒకడు డాబా మీద యాంటెన్నా పట్టుకుని నిలబడేవాడు. కిందినుంచి "వచ్చింది, వచ్చింది... పోయింది, ఇంకొంచెం తూర్పుకి" అని అరుపులు. ఆ చుక్కల మధ్యలోనుంచే మొట్టమొదటిసారి స్టార్ ట్రెక్ చూశాం. అంతరిక్షంలో గ్రహం నుంచి గ్రహానికి తిరిగే ఓడ కథ, ఇంగ్లీషు సీరియల్.

మాకు ఇంగ్లీషు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. నా స్నేహితుడి అన్నయ్య అప్పుడు ఇంటర్ చదువుతున్నాడు. టీవీ పక్కన నిలబడి, ఒక్కో మాటా పట్టుకుని, మాకు తెలుగులో కథ చెప్పేవాడు. అందులో సగం ఆయన సొంత కల్పనేనని పెద్దయ్యాక తెలిసింది. అయినా నాకు స్టార్ ట్రెక్ అంటే ఆయన గొంతే. మొదటి వారం ముగ్గురు మనుషులు గుండ్రటి పలకల మీద నిలబడి, మెరిసి, కరిగి మాయమైపోయారు. నేను వెంటనే "మాంత్రికుడు!" అన్నాను. చందమామ చదివిన పిల్లవాణ్ణి, నాకు అందులో వింతేమీ కనపడలేదు. అన్నయ్య నావైపు తిరిగి, "మంత్రం కాదురా, యంత్రం" అన్నాడు. ఆ రెండు మాటలకీ మధ్య ఉన్న ఒక్క అక్షరం తేడా ఆ వారమంతా నా బుర్రలో తిరుగుతూనే ఉంది.

ఇంకో వారం ఆ ఓడ నడిపే కెప్టెన్ కిర్క్‌కి బల్లి మొహం ఉన్న రాక్షసుడితో పోరాటం. చేతిలో ఆయుధం లేదు. రాళ్ళ మధ్య తిరిగి గంధకం, సూరేకారం, బొగ్గు ఏరుకుని, బొంగులో కూరి, పైన వజ్రాలు పోసి ఫిరంగిలా పేల్చాడు. గదిలో ఎంత గోల చేశామో! మా ఇళ్ళలో దీపావళికి పది రోజుల ముందు నాన్నలూ బాబాయిలూ కూర్చుని నూరేవి కూడా ఆ మూడేగా. సూరేకారం, గంధకం, బొగ్గుపొడి, చిచ్చుబుడ్డికైతే పైన కాస్త ఇనుపరజను. ఎక్కడో నక్షత్రాల అవతల ఉన్న గ్రహంలో కూడా మా గుంటూరు మతాబుల మందే పనిచేస్తుందని ఆ రోజు తెలిసింది. నాకు సైన్సు మీద ఇష్టం పుట్టింది అక్కడే. బడిలో కాదు.

జెయింట్ రోబోట్ కూడా చూశాం, ఆ తర్వాత హిందీలో వచ్చిన స్పేస్ సిటీ సిగ్మా కూడా. అవీ ఇష్టమే, కానీ మనసులో నిలిచిపోయింది మాత్రం స్టార్ ట్రెక్.

రాత్రి భోజనాలయ్యాక ఇద్దరం ఆ గదిలోనే పక్కలు వేసుకున్నాం. నేను చాలా ఏళ్ళుగా చదివి పోగేసినవన్నీ వాడికి చెప్పాను. ఆ సీరియల్ అమెరికాలో 1966 సెప్టెంబరు 8న మొదలై 1969లో ఆగిపోయింది. మొత్తం 79 భాగాలు. మనుషులు కరిగిపోయే ఆ యంత్రం పుట్టిందే డబ్బుల ఇబ్బంది వల్ల. వారం వారం ఓడని ఒక కొత్త గ్రహం మీద దించినట్టు చూపించాలంటే ఖర్చు తట్టుకోలేరు. మనుషుల్ని మాత్రం మాయం చేసి కింద తేలిస్తే సరిపోతుంది. దగ్గరికి వెళ్ళగానే వాటంతట అవే తెరుచుకునే తలుపుల్ని వెనకనుంచి మనుషులే లాగేవారు. డాక్టరు రోగి మీద ఆడించే పరికరాల్లో కొన్ని బజారులో కొన్న ఉప్పు సీసాలు. ఓడలో ఉండే స్పాక్ నాలుగు వేళ్ళనీ రెండేసిగా విడదీసి పెట్టే దీవెన, ఆ వేషం వేసిన లియోనార్డ్ నిమోయ్ చిన్నప్పుడు యూదుల ప్రార్థనామందిరంలో చూసి గుర్తుపెట్టుకున్నది. ఆ వేళ్ళు అలా పెట్టడానికి మేం ఒక ఎండాకాలం సెలవులన్నీ సాధన చేశాం. చీకట్లో వాడు చెయ్యి పైకెత్తి చూపించాడు. ఇప్పటికీ వస్తోంది.

"ఆ తలుపులు లాగినవాళ్ళ పేర్లు ఎవరికైనా తెలుసంటావా?" అన్నాడు కాసేపాగి.

పొద్దున్నే విజయవాడ బస్సెక్కాం, లెనిన్ సెంటర్‌లోని పాత పుస్తకాల షాపుల్లో వెతకాలని. కాజ టోల్‌గేటు, మంగళగిరి కొండ, తాడేపల్లి. వాడు రాత్రి అన్న మాట నా మనసులో మెదులుతూనే ఉంది. చందమామ విషయంలోనూ అంతే జరిగింది కదా. శిథిలాలయం, రాతిరథం, యక్షపర్వతం, మాయాసరోవరం రాసింది దాసరి సుబ్రహ్మణ్యం గారు. అయితే పత్రికలో ఆ సీరియల్స్ మీద ఆయన పేరు ఉండేది కాదు. రచయిత పేరు లేదు, బొమ్మ కింద మాత్రం చిన్నగా 'చిత్ర' అని ఉంటుంది. అది ఒక మనిషి పేరని నాకు చాలాకాలం తెలియదు. చిత్రం కాబట్టి చిత్ర అని రాశారనుకున్నాను, కుర్చీ మీద కుర్చీ అని రాసినట్టు. శంకర్ అని ఉంటే మనిషి అని తెలిసేది. విక్రమార్కుడు కత్తి పట్టుకుని శవాన్ని భుజాన వేసుకుని నడిచే బొమ్మ ఆయనదే. ముఖచిత్రాల మీద 'వపా' అని ఉంటే అదేదో మంత్రాక్షరం అనుకున్నాం. శ్రీకాకుళంలో పుట్టిన వడ్డాది పాపయ్య గారని ఎవరు చెబుతారు? చిత్ర అసలు పేరు వీరరాఘవన్. ఆయన 1978లో పోయారు. నేను ఆ బొమ్మలు మొదటిసారి చూసేనాటికే ఆయన లేరన్నమాట. శంకర్ గారు 2020 దాకా ఉన్నారు. మరుసటి ఏడాది ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ప్రకటించింది. బతికుండగా ఇచ్చి ఉంటే ఎంత బాగుండేది.

వారధి మీద బస్సు కాస్త నెమ్మదించింది. ఎవరో కిటికీలోంచి కృష్ణలో రూపాయి బిళ్ళ వేసి దండం పెట్టుకున్నారు.

బస్టాండులో దిగి ఆటో మాట్లాడుకున్నాం. నేరుగా లెనిన్ సెంటర్‌కి కాకుండా బందరు రోడ్డు మీదుగా వెళ్ళమన్నాను, స్వరాజ్య మైదానం చూడాలని. ఇక్కడ జనవరిలో పుస్తకాల పండగ జరిగేది. 1989లో మొదలైన కొత్తలో నాన్న నన్ను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేవారు. ఇప్పుడు అక్కడ 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహం ఉంది. ఆయన చేతిలో పుస్తకం ఉంది. ఆటోలోంచే తల వంచి పైకి చూశాం.

లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల షాపులు ఇంకా ఉన్నాయి. చాలావరకు ఇంజినీరింగు పుస్తకాలు, గ్రూప్స్ గైడ్లు, డీఎస్సీ మెటీరియల్. మొదటి మూడు షాపుల్లో చందమామ అనగానే తల అడ్డంగా ఊపారు. నాలుగో షాపులో ముసలాయన నా వంక చూసి, "చిత్ర బొమ్మలు కావాలా, శంకర్ బొమ్మలా?" అని అడిగాడు. నాకు గొంతులో ఏదో అడ్డం పడింది. నలభై ఏళ్ళలో నన్ను ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆయన.

స్టూలెక్కి పైఅరలోంచి గోనెపట్టాలో చుట్టిన కట్ట దించాడు. నాలుగు బైండు పుస్తకాలు. మూడోది శిథిలాలయం. అట్ట మా నాన్న వేయించినట్టు నలుపు కాదు, ఆకుపచ్చ. లోపలి తెల్ల కాగితం మీద పెన్సిలుతో ఎవరో రాసుకున్నారు: "చదివే వంతులు. పెద్దక్క, చిన్నక్క, నేను, తమ్ముడు. నాన్న రాత్రిపూట." పేర్లు లేవు, ఊరు లేదు.

బొమ్మ దొరకడానికి పది నిమిషాలు పట్టింది. షాపు ముందు వెలుతురులోకి తెచ్చి చూశాను. ఫోన్లో చూసిందీ ఇదీ ఒకటి కాదు. అచ్చులో ఎరుపు రంగు గీత దాటి నూలుపోగంత పక్కకి జరిగింది. అందువల్ల శిఖిముఖి భుజం ఊపిరి తీస్తున్నట్టు కదులుతోంది. స్కాన్ చేసినవారు శుభ్రం చేయబోయి అది తీసేసినట్టున్నారు. రాళ్ళ చాటున ఉన్న మొహానికి కళ్ళే లేవు. ఇన్నేళ్ళూ రెండు కళ్ళు నన్నే చూస్తున్నాయని అనుకున్నాను. అక్కడ ఉన్నవి నాలుగు అడ్డగీతలు, ఒక నల్లటి మచ్చ. అంతే. ఆయన గీయకుండా వదిలేసిన కళ్ళని నేను గీసుకున్నాను. తలుపుల వెనక మనుషులు లాగుతుంటే అవి వాటంతట అవే తెరుచుకుంటున్నాయని నమ్మాం చూడండి, అలాగే. చేతిలో ఉన్న కాస్తతో అంత లోకం చూపించడం ఆ ఓడ కట్టినవాళ్ళకీ తెలుసు, మద్రాసులో కూర్చుని నెలనెలా గడువులోపు బొమ్మలు వేసిన ఈయనకీ తెలుసు. కింద మూలన సంతకం. మూడు అక్షరాలంత కూడా లేదు. దాని మీద వేలు పెట్టి కాసేపు అలాగే ఉన్నాను.

ముసలాయన పన్నెండు వందలు చెప్పాడు. బేరం ఆడబుద్ధి కాలేదు. డబ్బు తీసుకుంటూ, "దాసరి గారు ఈ ఊళ్ళోనే పోయారు, తెలుసా?" అన్నాడు. తెలుసు, 2010 జనవరిలో. తన పేరు లేకుండానే అన్నేళ్ళు కథలు చెప్పిన మనిషిని ఈ షాపాయన ఇంకా దాసరి గారు అంటున్నాడు. నాకు అది చాలా తృప్తిగా అనిపించింది.

మధ్యాహ్నం హోటల్లో భోజనం చేసి, అన్నయ్యకి ఫోన్ చేశాం. ఆయన ఇప్పుడు విశాఖపట్నంలో ఉంటాడు. రిటైరయ్యాడు. బొమ్మ ఫొటో తీసి పంపిస్తానన్నాను.

"ఫొటో వద్దురా. సంక్రాంతికి ఎలాగూ వస్తున్నా. పుస్తకం అమ్మ దగ్గర ఉంచి వెళ్ళు."

ఒక్క క్షణం ఏమీ మాట్లాడలేకపోయాను. పొద్దున దొరికిన పుస్తకం. పక్కన నా స్నేహితుడు అప్పటికే కళ్ళజోడు పెట్టుకుని మొదటి పేజీలో పడిపోయాడు. తిరుగు బస్సులో మంగళగిరి దాకా తల ఎత్తలేదు.

మర్నాడు సాయంత్రం నా రైలు. బయల్దేరేముందు పుస్తకం పిన్నిగారి చేతికి ఇచ్చి, అన్నయ్య కోసం అన్నాను. ఆవిడ అటూ ఇటూ తిప్పి చూసి, మాసిన ఆకుపచ్చ అట్ట మీద అరచేత్తో దుమ్ము తుడిచారు. గోడనున్న క్యాలెండరులోంచి నవంబరు కాగితం చించి రమ్మని మనవరాలిని పంపారు. కాగితాన్ని తిరగేసి తెల్లవైపు పైకి వచ్చేలా పరిచి, పుస్తకం మధ్యలో పెట్టి, అంచులు మడిచి, గోటితో గీరుతూ అట్ట వేయడం మొదలుపెట్టారు. టేకు స్టాండు మీదున్న పూలకుండీని కిందికి దించమని నాకు పురమాయించారు.