మీటర్ మీద ఒకటి

మొన్న వానాకాలంలో ఒక పొద్దున కారు స్టార్ట్ చేస్తే డాష్‌బోర్డులో పసుపు రంగు ఇంజిన్ బొమ్మ వెలిగింది, మళ్లీ ఆరలేదు. బండి మామూలుగానే నడుస్తోంది. కాకపోతే కొన్నాళ్లుగా పొద్దున్నే సైలెన్సర్ దగ్గర పెట్రోలు వాసన, మైలేజీ కూడా కాస్త తగ్గింది. సర్వీస్ సెంటర్‌లో స్కానర్ పెట్టకుండానే పొగలో ఆక్సిజన్ ఎంతుందో చూసే ఆక్సిజన్ సెన్సర్, పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ రెండూ మార్చాలన్నారు. రేటు విని ఓ దండం పెట్టి వచ్చేశా.

నా దగ్గర బ్లూటూత్ ఓబీడీ డాంగిల్ ఉంది, కారు కంప్యూటర్‌లోని లోపాల కోడ్లు చదివే చిన్న పరికరం. స్టీరింగ్ కింద పోర్టులో గుచ్చి ఫోన్‌లో చూస్తే పి0135 అని వచ్చింది. కన్వర్టర్‌కి ముందుండే సెన్సర్‌లో హీటర్ సర్క్యూట్ తేడా అని దానర్థం. కన్వర్టర్ ఊసే లేదు అందులో.

ఈ సెన్సర్ దాదాపు 300 డిగ్రీల వేడెక్కితేగానీ సరిగ్గా పనిచేయదు. త్వరగా వేడెక్కడానికే లోపల చిన్న హీటర్ పెడతారు. అది పోతే పొగ వేడికే కాగాలి, అందాకా కంప్యూటర్ పెట్రోలు అంచనా మీద పోస్తుంది. లైవ్ డేటాలోనూ అదే కనిపించింది: స్టార్ట్ చేశాక సెన్సర్ వోల్టేజి చాలాసేపు 0.45 వోల్టుల దగ్గర బిగుసుకుని, విజయవాడ బెంజ్ సర్కిల్ దాటాక గానీ 0.1కీ 0.9కీ మధ్య ఊగలేదు.

అయితే కోడ్‌లో సెన్సర్ పేరుంది కదా అని సెన్సరే పోయిందనుకోకూడదు. ఫ్యూజు కావచ్చు, వైరు కావచ్చు. మా సెల్లార్‌లో వైర్లు కొరికే ఎలుకలున్నాయి మరి. బానెట్ ఎత్తి కనెక్టర్ ఊడదీశా. నాలుగు వైర్లు, అందులో రెండు తెల్లవి హీటరువి. వాటి మధ్య రెసిస్టెన్స్ కొలుద్దామని మల్టీమీటర్ 200 ఓమ్‌ల స్కేలులో పెడితే 1 అని చూపించింది. ఒక ఓమ్, హీటర్ బ్రహ్మాండం అనుకున్నా.

ఇక రెండు రోజులు వైర్ల వెంట పడ్డా. ఫ్యూజు బాగుంది. ఇగ్నిషన్ ఆన్ చేస్తే కనెక్టర్ దగ్గరికి 12 వోల్టులు వస్తున్నాయి. వైరు ఎక్కడా కొరికి లేదు. ఇంక మిగిలింది ఈసీయూ, అంటే కారు కంప్యూటర్ ఒక్కటే. దాని ధర వెతికిన రాత్రి నిద్రపట్టలేదు.

ఆదివారం ఆటోనగర్‌లో తెలిసిన ఎలక్ట్రీషియన్ దగ్గరికి పోయి కథంతా చెప్పా. ఆయన నా మీటరే తీసుకుని, వైర్లు దేనికీ తగలకుండా గాల్లో పట్టుకున్నాడు. అదే 1. "ఎడం పక్కన ఒక్కటే కనబడితే అది ఒకటి కాదు సార్, లోపల తెగిపోయిందని" అన్నాడు. పక్కనున్న కుర్రాడు నవ్వు ఆపుకోలేక లోపలికి వెళ్లిపోయాడు.

కొత్త సెన్సర్ 3,400 అయింది. షాపువాడు మొదట కన్వర్టర్ వెనకుండే సెన్సర్ ఇవ్వబోయాడు, వైరు పొడుగు చూసి అనుమానమొచ్చి మార్పించా. బిగించకముందే కొలిస్తే 6 పైచిలుకు ఓమ్‌లు. పాతది మాత్రం మొండికేసింది. తుప్పు వదిలే ఆయిల్ కొట్టి, ఇంజిన్ కాసేపు నడిపి, వెచ్చగా ఉండగా పక్కన చీలిక ఉన్న 22 సాకెట్‌తో తిప్పితే కిర్రుమంటూ వదిలింది. కొత్తదాని కొసను చేత్తో ముట్టుకోనివ్వలేదు ఆయన, మరలకి రాసి వచ్చిన పేస్టు కూడా తుడవద్దన్నాడు.

కోడ్ చెరిపేసి, మర్నాడు పొద్దున చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి ఫోన్ చూస్తూ కూర్చున్నా. నిమిషం తిరక్కుండానే సెన్సర్ వోల్టేజి గీత పైకీ కిందికీ ఊగడం మొదలెట్టింది. పెట్రోలు వాసన లేదు. లైటు వారమైనా రాలేదు, అయినా తాళం తిప్పగానే ముందు అటే చూస్తున్నా.