అరికాళ్ల మంటా? ముందు పాత ఏఆర్‌టీ కార్డు తీయండి

హైదరాబాద్‌లో హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్లలో రోజూ వినపడే మాటే ఇది: "రాత్రయితే అరికాళ్లు మండుతున్నాయి, దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోతున్నా." హెచ్‌ఐవీతో బతుకుతున్నవాళ్లు దీన్ని వయసు మీదకి నెట్టేయకండి, నరాలు దెబ్బతిన్న గుర్తు కావచ్చు.

పాత కార్డులో స్టావుడిన్ ఉందా? నరాలకు శక్తినిచ్చే మైటోకాండ్రియాను దెబ్బతీసే పాత హెచ్‌ఐవీ మందు అది. 2009లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దశలవారీగా ఆపమంది. మందు మారినా కొందరికి మంట పోదు.

సీడీ4 (రోగనిరోధక కణాల లెక్క) ఒకప్పుడు బాగా పడిపోయినవాళ్లకు, వయసు పైబడినవాళ్లకు, పొడుగువాళ్లకూ ముప్పు ఎక్కువే. నరం ఎంత పొడవైతే దాని కొసకు అంత కష్టం. షుగరు, తాగుడు తోడైతే ఇక చెప్పక్కర్లేదు.

అన్నిటికంటే బాధ కలిగించేది టీబీ మందు దగ్గర జరిగే పొరపాటు. ఐసోనియాజిడ్ ఒంట్లో విటమిన్ బీ6కు కొరత తెస్తుంది, అందుకే పక్కన పైరిడాక్సిన్ (బీ6 మాత్ర) ఇస్తారు. "విటమినే కదా" అని ఆ చిన్న మాత్రనే మానేస్తారు! అలాగని సొంతంగా రోజూ వందల మిల్లీగ్రాములు మింగినా నరాలు పాడవుతాయి.

షుగరు మందు మెట్‌ఫార్మిన్ ఏళ్లుగా వాడుతుంటే బీ12 పరీక్ష అడగండి. హెచ్‌ఐవీ మందు డొల్యుటెగ్రావిర్ రక్తంలో మెట్‌ఫార్మిన్‌ను పెంచుతుంది కాబట్టి రెండూ వాడుతున్నట్టు డాక్టరుకు తప్పక చెప్పండి.

చెప్పులు విప్పి పాదాలు చూపించండి. కళ్లు మూసుకున్నాక, 10 గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ పోగును బొటనవేలి కింద ఆనిస్తారు. అది తెలియకపోతే నరం అప్పటికే దెబ్బతిన్నట్టే.