టూల్ కేసుల ర్యాక్: చట్రం నిలబడింది, ఎడమ వైపు రన్నర్లు పడ్డాయి

టూల్ కేసుల కోసం వర్క్‌షాప్‌లో మొదలుపెట్టిన ర్యాక్ ఇప్పటికి సగం దాటింది. చట్రం బిగించాను, వెనక పలక పడింది, ఎడమ గడిలో రన్నర్లన్నీ (కేసులు జారే చెక్క పట్టీలు) వేశాను. కుడి గడి ఇంకా ఖాళీగానే ఉంది. ఇంతవరకూ చేసింది కొలతలతో సహా రాసి పెడుతున్నాను, ఇలాంటిది కట్టుకోవాలనుకునేవాళ్లకి పనికొస్తుంది.

నాకు కావాల్సింది ఒక్కటే, ఏ కేసు తీయాలన్నా ఇంకో కేసుని కదపకూడదు. మామూలు అరలతో అది కుదరదు, ఎందుకంటే అర ఎంత ఎత్తుగా వదిలితే అన్ని కేసులు ఒకదాని మీద ఒకటి చేరిపోతాయి, చిన్న స్క్రూ ఒకటి బిగించడానికి డ్రిల్లు తీయాలన్నా ముందు పైనున్న సాండర్, గ్రైండర్ రెండూ కిందికి దించాలి. అందుకని అరలు బాగా తగ్గించి, ప్రతి కేసుకీ రెండు పక్కలా చెరో చెక్క పట్టీ కొట్టాను. కేసు ఆ పట్టీల మీద సొరుగులా జారి లోపలికి వెళ్తుంది.

ముందు కేసులన్నీ కొలిచాను. కొలిచేటప్పుడు పెట్టె ఒంటిని కాదు, బయటికి పొడుచుకొచ్చే క్లిప్పుల్ని, హ్యాండిల్‌ని కలిపి కొలవాలి. నా దగ్గర అన్నిటికన్నా వెడల్పైనది 460 మి.మీ. ఉంది కాబట్టి గడి లోపలి వెడల్పు 470 పెట్టాను. లోతు 300. ఈ 300 ఊరికే తీసుకోలేదు: 2440 × 1220 ప్లైవుడ్ షీటుని పొడవునా చీరితే 300 వెడల్పు ముక్కలు నాలుగు వస్తాయి, రంపం తినేసే మందం ఒక్కో కోతకి 3 మి.మీ. లెక్కేసినా మొత్తం 1209, ఇంకా కొంచెం మిగులుతుంది. అదే 305 అనుకుంటే నాలుగో ముక్క పూర్తి వెడల్పుకి రాదు.

18 మి.మీ. ప్లైవుడ్ ఒక్క షీటుతో చట్రం మొత్తం వచ్చేసింది. మూడు ముక్కల్ని 1800 దగ్గర కోస్తే నిలువు పలకలు, నాలుగో ముక్కలోంచి 994 పొడవున పై పలక, కింది పలక (రెండు గడులు 940, మూడు నిలువు పలకల మందం 54). నిలువు పలకలు కోయగా మిగిలిన 637 మి.మీ. తుండ్లు మూడున్నాయి, వాటిలో రెండిటిని 470కి కోసి ఒక్కో గడి మధ్యలో ఒక స్థిరమైన అర పెట్టాను. అవి లేకపోతే 1800 పొడవున్న నిలువు పలకలు కాలక్రమంలో వంగి గడి వెడల్పు మారిపోతుంది, రన్నర్ల పద్ధతిలో వెడల్పు మారితే కేసు ఇరుక్కుంటుంది లేదా జారి కింద పడుతుంది, కాబట్టి ఈ రెండు అరలూ తప్పనిసరి అని నా అభిప్రాయం.

కోతలన్నీ సర్క్యులర్ సాతోనే. పక్కన తిన్నటి అంచున్న పట్టీని క్లాంప్‌లతో బిగించి దాని వెంబడి నడిపాను. ఈ రంపం పళ్లు కింద నుంచి పైకి కోస్తాయి, కాబట్టి షీటులో నునుపైన వైపుని కిందికి ఉంచాలి, పెచ్చులు లేస్తే పైనున్న వైపే లేస్తాయి. 18 మి.మీ. షీటు 30 కిలోలకి అటూ ఇటూ ఉంటుంది, ఒక్కరే కోసేటప్పుడు టేబుల్ మీదికి ఎత్తే బదులు నేల మీద థర్మాకోల్ పరిచి దాని మీద కోయడం సులువు, బ్లేడు థర్మాకోల్‌లోకి కాస్త దిగినా నష్టం లేదు.

అతుకులకి వుడ్ గ్లూ, 4 × 50 స్క్రూలు. ప్లైవుడ్ అంచులోకి స్క్రూ నేరుగా దింపితే పొరలు విచ్చుకుంటాయి, ముందు 3 మి.మీ. బిట్‌తో రంధ్రం వేసి తీరాలి. మధ్య అరలు రెండూ ఒకే ఎత్తులో పెడితే రెండో దానికి నడి పలక అవతలి నుంచి స్క్రూ వేయడానికి చోటుండదు, అందుకే ఒకటి 40 మి.మీ. కిందికి దించాను. చట్రం మూలమట్టానికి ఉందో లేదో చూడటానికి కర్ణాలు కొలవడమే నమ్మకమైన పద్ధతి. 994 × 1836కి కర్ణం 2088 రావాలి, రెండూ సమానంగా వచ్చాకే 6 మి.మీ. వెనక పలకని జిగురుతో, చిన్న స్క్రూలతో బిగించాను. చట్రం పక్కకి ఊగకుండా ఆపేది ఈ పల్చటి పలకే, దాన్ని మానేయొద్దు.

ఇక రన్నర్లు. మిగిలిన తుండ్లలోంచి 25 మి.మీ. వెడల్పు, 300 పొడవున్న పట్టీలు తీశాను, 637 తుండు నుంచి 22, పై పలక ముక్కలో మిగిలిన దాన్నుంచి 15. ప్రతి రన్నర్‌కీ టేపు పెట్టి గుర్తులు వేస్తే ఎడమకీ కుడికీ ఎక్కడో తేడా వస్తుంది. దాని బదులు కేసు ఎత్తుకి 15 మి.మీ. కలిపి ఒక చెక్కముక్క కోసుకుని, కింది రన్నర్ మీద నిలబెట్టి, దాని మీద పై రన్నర్ ఆనించి బిగించాలి. అదే ముక్క రెండో వైపుకీ వాడితే రెండూ ఒకే మట్టంలో వస్తాయి. స్క్రూ 30 మి.మీ. ఉండాలి: రన్నర్ 18, పలక 18, కలిపి 36, కాబట్టి అవతలికి పొడుచుకురాదు. నడి పలక దగ్గర మాత్రం జాగ్రత్త, రెండు వైపుల నుంచీ స్క్రూలు వస్తాయి కాబట్టి ఎదురెదురుగా పడితే లోపల గుద్దుకుంటాయి. ఎడమ వైపువి ముందు అంచు నుంచి 50, 250 దగ్గర వేశాను, కుడి వైపువి 90, 210 దగ్గర వేస్తాను. రన్నర్ ముందు మూలని గరుకు కాగితంతో గుండ్రంగా చేస్తే కేసు తడుముకోకుండా ఎక్కుతుంది, చిన్న పనే కానీ రోజూ తెలుస్తుంది.

రెండు రన్నర్ల మధ్య ఖాళీ 434. అంతకంటే సన్నటి కేసులు వాటి మీద నిలవవు. సిస్టైనర్ (ఒకదానికొకటి తగిలించుకునే ప్లాస్టిక్ టూల్ పెట్టె) లాంటివి 396 మి.మీ. వెడల్పే ఉంటాయి, అలాంటి వాటికి వెనక పలక షీటులో మిగిలిన దాన్నుంచి 465 × 298 పలకలు నాలుగు కోసి రన్నర్ల మీద పరిచాను. అడుగు మెత్తగా ఉండే చవక కేసులకీ ఇలా పలక వేయడమే మంచిది, అంచుల మీద మాత్రమే బరువు పడితే లోపలి యంత్రం బరువుకి అడుగు కిందికి వంగుతుంది.

పూర్తి అరలే కావాలనుకునేవాళ్లు గడి వెడల్పు మాత్రం పెంచొద్దు. అదే బరువు, అదే మందం ఉన్నా వెడల్పు రెండింతలైతే మధ్యలో వంగుడు ఎనిమిదింతలు అవుతుంది.

కింద రెండు అడ్డ పట్టీలు కొట్టి నేల చెమ్మ తగలకుండా లేపాను, పైన ఎల్ బ్రాకెట్లతో గోడకి బిగించాను. 300 లోతుకి మనిషెత్తున్న ర్యాక్ ఇది, పైనున్న కేసుని ముందుకి లాగితే మొత్తం మీదికి వచ్చే ప్రమాదం ఉంది, కాబట్టి గోడకి బిగించకుండా ఒక్క కేసు కూడా పెట్టకూడదు. రోటరీ హామర్, సర్క్యులర్ సా అడుగున, డ్రిల్లు నడుము ఎత్తులో, ఎప్పుడో తీసే రౌటర్ పైన.

కుడి గడికి ఎత్తుల పట్టిక రాసుకున్నాను, రన్నర్లు అదే పద్ధతిలో పడతాయి. తర్వాత అంచులు రుద్ది వార్నిష్ రెండు పూతలు. రన్నర్ల మీద కొవ్వొత్తి మైనం రుద్దాలి, కానీ అది వార్నిష్ ఆరాకే, మైనం తగిలిన చోట వార్నిష్ పట్టదు.