లోతు ఎంత?

నాకు ఈత రాదు. అరవై దాటాక నేర్చుకునే ఉద్దేశమూ లేదు. అయినా గత జులైలో పన్నెండు రోజులపాటు పరాయి దేశాల్లో సరస్సుల వెంట తిరిగానంటే అది పూర్తిగా మా చెల్లి నిర్వాకం. దానికి నీళ్ళు కనిపిస్తే చాలు, చెప్పులు విప్పేస్తుంది. నేను మాత్రం ముందు లోతెంత అని అడుగుతాను. సమాధానం దొరికితే నోటుపుస్తకంలో రాసుకుంటాను. ముప్పై ఏళ్ళు భౌతికశాస్త్రం పాఠాలు చెప్పినదాన్ని, అంకె చేతిలో ఉంటే భయం కాస్త అదుపులో ఉంటుంది.

మొదటి అంకె స్లొవేనియాలోని బ్లెడ్ సరస్సుది. 30 మీటర్లు. నడుమ చిన్న ద్వీపం, దాని మీద చర్చి, ఒడ్డున నిట్టనిలువు కొండకొమ్ముపై కోట. మీరు ఫొటోల్లో చూసే ఉంటారు. ఫొటోలో ఎలా ఉందో ఎదురుగానూ అలాగే ఉంది, అదే దానితో చిక్కు. నేను కొత్తగా చూడడానికి ఏమీ మిగలలేదు. బాగా గుర్తున్నది పడవ ఎక్కడం. అక్కడి పడవను ప్లెట్నా అంటారు. అడుగు చదునుగా ఉంటుంది, పైన రంగు గుడ్డ పందిరి. పడవవాడు వెనక నిలబడి రెండు తెడ్లతో నడుపుతాడు. మోటారు పడవలకు ఆ సరస్సులో అనుమతి లేదు. ఆయన మమ్మల్ని ఒక్కొక్కరినీ ఎగాదిగా చూసి, నువ్వు ఇటు, నువ్వు అటు అని చేత్తో చూపిస్తూ కూర్చోబెట్టాడు. బరువులు సరితూగాలి కదా. నన్ను ఎడమవైపు కూర్చోబెట్టి, ఎదురుగా కుడివైపు ఇద్దరు కుర్రవాళ్ళను సర్దాడు. చెల్లి ఆ రోజంతా నవ్వుతూనే ఉంది.

ద్వీపం మీదికి 99 మెట్లు. అక్కడ పెళ్ళి చేసుకునే వరుడు వధువును ఎత్తుకుని వాటిని ఎక్కాలట. చర్చిలో గంట మోగిస్తే కోరిక తీరుతుందంటారు. నాకు ఆ గంట కన్నా అంతకు ముందరి గంట కథ నచ్చింది. భర్తను దొంగలు చంపి సరస్సులో పడేశారని ఒక వితంతువు తన వెండి బంగారాలన్నీ కరిగించి గంట పోయించింది. దాన్ని ద్వీపానికి తెస్తుంటే తుఫానులో పడవతో సహా మునిగిపోయింది. ఆ గంట ఇప్పటికీ అడుగునే ఉందని, నిశ్శబ్దమైన రాత్రుల్లో వినిపిస్తుందని చెబుతారు. 30 మీటర్ల కింద. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. గంట సంగతి అటుంచి, తిరిగి వచ్చేటప్పుడు ఆ పడవ ఊగిన ఊపు గుర్తొచ్చి.

బ్లెడ్ నుంచి బస్సులో ముప్పావు గంట లోపే బోహిన్ సరస్సు. జూలియన్ ఆల్ప్స్ పర్వతాల ఒడిలో ఉంటుంది. ఒకప్పుడు హిమానీనదం తొలిచిన లోయ, ఆ మంచు తెచ్చి పోసిన రాళ్ళూ మట్టీ తూర్పు కొసన కట్టలా నిలిచిపోయి నీళ్ళను ఆపాయి. స్లొవేనియాలో ఏడాది పొడుగునా నీళ్ళుండే సహజ సరస్సుల్లో ఇదే పెద్దది. పొడవు నాలుగు కిలోమీటర్ల పైచిలుకు. లోతు 45 మీటర్లు. రాసుకున్నాను, కింద గీత కూడా గీశాను.

తూర్పు చివర రాతి వంతెన, దాని పక్కనే బాప్తిస్మమిచ్చే యోహాను పేరిట పాత చర్చి. వంతెన మీద నిలబడి తొంగి చూస్తే చేపలు ప్రవాహానికి ఎదురుగా తోకలు ఆడిస్తూ ఉన్నచోటే నిలబడి ఉన్నాయి. ఒక్కొక్క చుక్కా లెక్కపెట్టవచ్చు. చేప నీడ అడుగునున్న రాయి మీద వేరుగా పడుతోంది. ఆ నీడ లేకపోతే చేప గాలిలో ఉందనుకోవాల్సిందే. చెల్లి ఫోను తీయడం మరిచిపోయిందంటే మీరు అర్థం చేసుకోవాలి.

విద్యుత్తుతో నడిచే పడవలో చప్పుడు లేకుండా పడమటి కొసకు చేరి, అక్కడినుంచి సావిత్సా జలపాతానికి నడిచాం. చివర్లో ఐదు వందలకు పైగా మెట్లు. నా మోకాళ్ళ అభిప్రాయం ఇక్కడ రాయను. పైకి చేరాక మాత్రం తిట్టుకోలేదు. నీళ్ళు కొండ నెత్తి మీదనుంచి కాకుండా, కొండ మధ్యలో రాతిని చీల్చుకుని బయటికి దూకుతాయి. 78 మీటర్ల దూకుడు. పైనున్న సున్నపురాయి నేలలో ఇంకిన నీరు లోలోపలే దారి చేసుకుని ఇక్కడ వెలుగు చూస్తుంది.

కిందికి వచ్చాక చెల్లి సరస్సులోకి దిగింది. నేను తువ్వాళ్ళకు కాపలా. అది నాలుగు బారలు వేసేసరికి తల మాత్రం కనిపించింది, కాసేపటికి ఆ తల నల్లటి చుక్క అయింది. మూడు వైపులా కొండలు, మధ్యలో అది ఒక్కతే. ఒడ్డున నా పక్కన ఎవరో పిల్లవాడు రాళ్ళు ఏరుకుంటున్నాడు. వాడు మోకాళ్ళ లోతులో నిలబడ్డాడు కదా, నేనూ నిలబడగలను అనిపించింది.

ఇక్కడ నా చదువు సంగతి చెప్పాలి. నీళ్ళలోంచి బయటికి వచ్చేటప్పుడు కాంతి వంగుతుంది, ఆ వంపును చెప్పే అంకె, అంటే నీటి వక్రీభవన గుణకం, 1.33. పైనుంచి నిటారుగా చూస్తే నాలుగడుగుల లోతు మూడడుగులుగా కనిపిస్తుంది. ఏటవాలుగా చూస్తే ఇంకా తక్కువ. బల్ల మీద గిన్నె పెట్టి, అందులో నాణెం వేసి, నీళ్ళు పోసి ఈ పాఠాన్ని నేను ఎన్ని తరగతులకు చెప్పానో లెక్క లేదు. అంతటి నేను, చీర కాదు కదా ప్యాంటే కదా అని మడిచి, ఎదురుగా మెరుస్తున్న తెల్లని రాయి మోకాలి లోతులోనే ఉందని నమ్మి అడుగు వేశాను. కాలు దిగుతూనే ఉంది. రాయి తగిలేసరికి నీళ్ళు నడుము దాటాయి. ఆ చలికి నోట మాట రాలేదు. అరుద్దామనుకున్నాను, గాలి లోపలికే పోయింది తప్ప బయటికి రాలేదు. ఆ పిల్లవాడు రాళ్ళు పారేసి వచ్చి నా మోచెయ్యి పట్టుకున్నాడు. వాడికి ఎనిమిదేళ్ళుంటాయి. వాడి భాష నాకు తెలియదు, నా భాష వాడికి తెలియదు, కానీ వాడు అన్నది మందలింపే అని మాత్రం గట్టిగా చెప్పగలను.

చెల్లి తిరిగొచ్చి తడిసిన నన్ను చూసి, "అక్కా, దిగావా!" అని సంబరపడిపోయింది. దిగాననే చెప్పాను.

స్లొవేనియా రాజధాని ల్యూబ్ల్యానా నుంచి హంగరీ రాజధాని బుడాపెస్ట్‌కు రైల్లో దాదాపు రోజంతా పట్టింది. పర్సులో యూరోలు పోయి ఫోరింట్లు వచ్చాయి. కిటికీలోంచి కొండలు ఒక్కొక్కటే కుంగిపోయి, చివరికి పొద్దుతిరుగుడు చేలు మిగిలాయి. బాలటోన్ సరస్సు ఆ పల్లపు నేలలో, సముద్రమట్టానికి 100 మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉంది. పొడవు 77 కిలోమీటర్లు, వైశాల్యం సుమారు 594 చదరపు కిలోమీటర్లు. కాగితం మీద లెక్క వేశాను, బోహిన్ లాంటివి 180కి పైగా పడతాయి. ఇక సగటు లోతు చూసి రెండోసారి అడిగి నిర్ధారించుకున్నాను. మూడు మీటర్ల పైన కొద్దిగా. అంతే.

చెల్లికి తొలిచూపులోనే నచ్చలేదు. "ఇదేమిటి, పాలు కలిపినట్టుంది" అంది. నిజమే, నీళ్ళు లేత ఆకుపచ్చగా, మబ్బుగా ఉన్నాయి. అడుగునున్న మెత్తటి ఒండ్రు రేణువులు గాలికి లేచి తేలుతుంటాయి, వాటివల్ల కాంతి చెదిరి ఆ రంగు వస్తుంది. మురికి కాదు. పొద్దున ఒక రంగు, మధ్యాహ్నం ఒక రంగు, సాయంత్రానికి గులాబీ చాయ. నాకైతే బోహిన్ అద్దం కన్నా ఇదే నచ్చింది. అడుగు కనిపించనప్పుడు కనీసం మోసపోయే ప్రమాదం ఉండదు.

మేం దిగింది ఉత్తర తీరంలోని బాలటోన్‌ఫ్యూరెడ్‌లో. అక్కడ సరస్సు ఒడ్డున చెట్ల నీడలో పొడవాటి నడకదారి ఉంది, దాని పేరు టాగోర్ బాట. మన రవీంద్రుడే. 1926లో ఐరోపా పర్యటనలో అనారోగ్యం పాలై, ఈ ఊళ్ళోని గుండె జబ్బుల ఆసుపత్రిలో చికిత్స పొందాడు. కోలుకున్నాక ఒక లిండెన్ మొక్క నాటాడు. తరువాతి కాలంలో వచ్చిన భారత నాయకులు కూడా అక్కడ మొక్కలు నాటారు. ఆయన విగ్రహం దగ్గర కూర్చుని ఐస్‌క్రీం తింటున్న హంగరీ ముసలి దంపతులు మమ్మల్ని చూసి, విగ్రహాన్ని చూసి, జరిగి చోటిచ్చారు. బంధువులు వచ్చారనుకున్నట్టున్నారు.

ఉత్తరం వైపు ఒడ్డు దిగితే త్వరగానే లోతు వస్తుంది. మా బస యజమానురాలు నా నోటుపుస్తకం చూసి నవ్వి, నీలాంటివాళ్ళు దక్షిణ తీరానికి వెళ్ళాలి అంది. మర్నాడు టిహాన్ ద్వీపకల్పం దాకా బస్సు, అక్కడ సరస్సు నడుము సన్నబడ్డ చోట ఫెర్రీ. కార్లను కూడా ఎక్కించుకుని పది నిమిషాల్లో అవతలి ఒడ్డుకు చేరుస్తుంది. సరస్సు మొత్తంలో అతి లోతైన చోటు సరిగ్గా అక్కడే ఉందని, 12 మీటర్లని, ఫెర్రీ కదిలాక తెలిసింది. కమ్మీ పట్టుకున్న చెయ్యి అవతలి రేవు వచ్చేదాకా తియ్యలేదు.

దక్షిణ తీరంలో దిగాక నడిచాను. నడిచాను అనే మాటే సరైనది. యాభై అడుగులకు పిక్కలు. నూట ఇరవైకి మోకాళ్ళు. కాళ్ళ కింద నేల మెత్తగా, బొటనవేళ్ళ మధ్యకు వెచ్చగా ఒదిగిపోతోంది. నా చుట్టూ జనం నీళ్ళలో నిలబడి, బజారులో కలుసుకున్నట్టు చేతులు కట్టుకుని కబుర్లు చెప్పుకుంటున్నారు. ఒకాయన టోపీ పెట్టుకుని పత్రిక చదువుతున్నాడు. 224 అడుగులకు నడుము దాకా వచ్చాయి. వెనక్కి తిరిగితే ఒడ్డున మా సంచి రంగు కూడా తెలియడం లేదు. అంత దూరం నీళ్ళలోకి నేను జన్మలో వెళ్ళలేదు. చెల్లి మాత్రం ఈదడానికి చాలినంత నీరు ఎక్కడుందో వెతుక్కుంటూ, విసుక్కుంటూ నన్ను దాటి ముందుకు నడిచి పోయింది.

అప్పుడు కనిపించింది ఒడ్డున స్తంభం మీద దీపం. వెలిగి ఆరుతోంది. అది గాలివాన హెచ్చరిక అని యజమానురాలు ముందే చెప్పింది. నిమిషానికి 45 సార్లు వెలిగితే మొదటి హెచ్చరిక, ఒడ్డుకు 500 మీటర్లు దాటి వెళ్ళకూడదు. 90 సార్లయితే రెండోది, అసలు నీళ్ళలో ఉండకూడదు. చేతి గడియారం చూస్తూ లెక్కపెట్టాను. 45. ఆకాశం అప్పటికి నీలంగానే ఉంది, పత్రికాయన పేజీ తిప్పాడు. నేను మాత్రం చెల్లిని కేకవేసి వెనుదిరిగాను. లోతు తక్కువ నీటిలో గాలికి అలలు చిన్నవిగా, నిట్టనిలువుగా, ఒకదాని వెంట ఒకటిగా లేస్తాయి. నూట యాభయ్యో అడుగు దగ్గర అవి వీపును చరచడం మొదలుపెట్టాయి. టోపీ చేత్తో పట్టుకుని పత్రికాయన నన్ను దాటి పోయాడు.

వాన మొదలయ్యేసరికి అందరం దుకాణాల చూరు కింద ఉన్నాం. చెల్లి వరుసలో నిలబడి లాంగోష్ తెచ్చింది. నూనెలో వేయించిన పిండి రొట్టె, పైన వెల్లుల్లి, పుల్లటి మీగడ, తురిమిన చీజ్. సరస్సు బూడిద రంగులోకి మారి అవతలి ఒడ్డు మాయమైంది. దీపం ఇప్పుడు తత్తరపడుతున్నట్టు కొట్టుకుంటోంది. నేను గడియారం తీశాను.

"చల్లారిపోతుంది అక్కా, తిను" అంది చెల్లి.

"ఉండు, అరవై మూడు, అరవై నాలుగు..."