అరవొద్దన్న అరవాయన

"తంబీ, కత్తాదే" అన్నారు మా సీనియర్. అరవకు అని. వాళ్ల భాషను అరవం అనే మనవాణ్ణి, అరవొద్దని ఒక అరవాయన చేత అనిపించుకున్నాను.

చెన్నై తీరానికి దగ్గర్లో సర్వే బోటు మీదున్నాం. నీళ్లలోకి శబ్దం పంపి, సముద్రపు అడుగు కింద మట్టి పొరలు చూడటం మా పని. స్క్రీన్ మీద ఇసుక గీత తప్ప ఏమీ లేదు. గెయిన్ పెంచాను, అంటే తిరిగొచ్చిన శబ్దాన్ని యంత్రం ఇంకాస్త పెద్దది చేసి చూపించేలా. 24 మీటర్ల దగ్గర చక్కటి గీత తేలింది. "సార్, పొర దొరికింది!" అని కేకేశాను. అప్పుడే ఆయన ఆ మాటన్నారు. అక్కడ నీటి లోతు 12 మీటర్లు. అడుగుకి తగిలిన శబ్దం పైకొచ్చి, నీటి పైభాగానికి కొట్టుకుని మళ్లీ దిగి వచ్చిందంతే. పొరా లేదు, పాడూ లేదు.

గెయిన్ పెంచితే వచ్చిన ప్రతిధ్వనీ దాంతోపాటు రొదా పెరుగుతాయి గానీ, శబ్దం లోపలికి ఒక్క అడుగు కూడా ఎక్కువ దిగదు. ఇసుకలో శబ్దం బలం, ప్రతి కిలోహెర్ట్జ్‌కి, ప్రతి మీటరుకి సుమారు అర డెసిబెల్ చొప్పున పోతుంది. 100 కిలోహెర్ట్జ్ కీచుగొంతు మీటరు దిగేసరికే 50 డెసిబెళ్లు పోగొట్టుకుంటుంది, 4 కిలోహెర్ట్జ్ బొంగురుగొంతుకి పోయేది రెండే. మాది పారామెట్రిక్ యంత్రం: 98, 102 కిలోహెర్ట్జ్ శబ్దాలు కలిపి వదిలితే నీళ్లలో వాటి తేడా 4 పుడుతుంది, అదీ సన్నటి కిరణంలా. అప్పటిదాకా ఎక్కువగా ఉన్న తేడాను సార్ 4కి దించారు. కాసేపటికి అడుగు కింద ఏడు మీటర్ల దగ్గర మసక గీత. పలచటి పొరలు మాత్రం ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి, బొంగురుగొంతుతో అదే చిక్కు.

"మా బందరు బురదలో అయితే ఇంత కష్టముండదు సార్" అన్నాను ఉక్రోషంతో. నిజమే, మెత్తటి బురదలో శబ్దం సులువుగా దిగుతుంది. ఆయన నవ్వి, "కుళ్లిన ఆకుల గ్యాస్ ఉంటే?" అన్నారు. బుడగలుంటే కింద అంతా తెల్లముఖమే. నోరు మూసుకున్నాను.

కానీ ఆ "కత్తాదే" గెయిన్‌కా, నాకా? అంతకు ముందే డెక్ మీద అమ్మతో ఫోన్లో మాట్లాడాను. రెండు రోజులుగా ఇదే నలుగుతోంది. కాలవ అవతలి గట్టు మీదున్న వాళ్లని ఇవతలి నుంచే పలకరించే ఊళ్లో పెరిగాను, గొంతు అంతే ఉంటుంది మరి. ఆయనేమీ తక్కువ తిన్నారా, బోటు నడిపేవాణ్ణి పిలిస్తే కోవళం దాకా వినిపిస్తుంది!

నిన్న రాత్రి అమ్మకి ఫోన్ చేసి, గొంతు తగ్గించి మాట్లాడాను.

"ఏంట్రా ఆ గొంతు, జలుబు చేసిందా?" అంది.